గడ్డకట్టే చలిలో లేవని డీజిల్ లారీ: ఈథర్ కొట్టాలా, వద్దా?

చక్రధారి: బయట -25 డిగ్రీలు. సెల్ఫ్ తిరుగుతోంది కానీ ఇంజన్ అందుకోవడం లేదు. ఇన్‌టేక్‌లోకి (ఇంజన్‌కి గాలి వెళ్లే దారి) ఇట్టే అంటుకునే ఈథర్ స్ప్రే కొడితే లేస్తుందని కొందరు, ఇంజనే పోతుందని కొందరు అంటున్నారు. ఏది నిజం? కారణం కూడా చెప్పండి.

పాత పానా: కొట్టొచ్చు. డీజిల్ తనంతట తాను అంటుకోవాలంటే దాదాపు 210 డిగ్రీల వేడి కావాలి, ఈథర్‌కి 160-180 చాలు. చల్లటి ఇనుము వేడిని లాగేస్తున్నప్పుడు బండిని లేపేది ఆ తేడాయే. కొన్ని పెద్ద ఇంజన్లకు కొలత ప్రకారం ఈథర్ వదిలే కిట్టు కంపెనీ నుంచే వస్తుంది. అంత ప్రమాదమైతే వాళ్లెందుకు ఇస్తారు?

నాజిల్ నాని: అన్నా, ఆ కిట్టు పెట్టేది గ్లో ప్లగ్గులు (సిలిండర్‌ని ముందే వేడి చేసే కరెంటు కడ్డీలు) లేని ఇంజన్లకి. అసలు తిరకాసు అక్కడే ఉంది. ఎర్రగా కాలిన ప్లగ్గు మొన తగిలితే, పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే ఈథర్ అంటుకుంటుంది. పైకొచ్చే పిస్టన్‌ని పేలుడు కిందికి తోస్తుంది. రింగుల మధ్య గట్టు విరుగుతుంది, ఒక్కోసారి కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. లోపలికెళ్లే గాలిని వేడి చేసే గ్రిడ్ హీటర్ ఉన్న ఇంజన్లలో (కమ్మిన్స్ 5.9 లాంటివి) సిలిండర్ దాకా కూడా పోనక్కర్లేదు, గాలి వెళ్లే గొట్టం, అంటే మానిఫోల్డ్‌లోనే ఢాం అంటుంది.

పొగ చూడు: డబ్బా సంగతి తర్వాత. ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని, మీరు సైలెన్సర్ దగ్గర నిలబడండి. తెల్ల పొగ దట్టంగా వస్తే డీజిల్ లోపలికి వెళ్తోంది, మండటం లేదన్నమాట. అప్పుడు గ్లో ప్లగ్గులు, వాటికి కరెంటిచ్చే రిలే, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) చూడాలి. ప్లగ్గు వైరు తీసి మల్టీమీటర్ పెడితే మామూలుగా 0.5 నుంచి 2 ఓమ్‌ల మధ్య ఉంటుంది. ఏమీ చూపకపోతే ఆ ప్లగ్గు పోయినట్టే. పొగే రాకపోతే డీజిల్ అందడం లేదు, అప్పుడు ఈథర్ డబ్బా మొత్తం ఖాళీ చేసినా రెండు సార్లు దగ్గి ఆగిపోతుంది, అంతే.

ఒకసారికి 15 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి, మధ్యలో 2 నిమిషాలు ఆపండి. లేదంటే మోటారు కాలుతుంది.

ఆంపియర్: "సెల్ఫ్ తిరుగుతోంది" అంటే సరిపోదు, ఎంత జోరుగా? ఈడ్చుకుంటూ తిరిగితే కంప్రెషన్ వేడి పుట్టకముందే చల్లారిపోతుంది. కామన్ రైల్ బండిలో (ఒకే గొట్టంలో డీజిల్‌ని ఒత్తిడితో నిలిపి ఇంజెక్టర్లకు పంపే రకం) అయితే ఆ రైల్ ప్రెషర్ చాలనంతవరకు ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, ఇంజెక్టర్లు తెరవనే తెరవదు. 12 వోల్టుల బండిలో సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ 9.6 కిందికి పడిపోతే ముందు బ్యాటరీ, ఎర్త్ కేబుల్ చూడండి. -18లో బ్యాటరీ బలం దాదాపు సగానికి పడిపోతుంది. అదే చలికి 15W-40 ఆయిల్ తేనెలా చిక్కబడి ఇంజన్‌ని పట్టేస్తుంది. అంత చలికి పలచగా ఉండే 5W-40 లేదా 0W-40 పోయాల్సిందే.

బాగా డౌన్ అయిన బ్యాటరీలో నీళ్లు గడ్డకడతాయి. పెట్టె పక్కలు ఉబ్బి కనిపిస్తే జంప్ పెట్టకండి, పగులుతుంది.

పాత పానా: పొగ రాకపోతే చలికి డీజిల్‌లోని మైనం గడ్డకట్టిందన్నమాట. కిరోసిన్ కలిపితే సరి, దానికింత చర్చ ఎందుకు?

నాజిల్ నాని: ముందే కలిపితే పనికొస్తుంది, కట్టాక కాదు. మైనం పేరుకునేది ఫిల్టర్‌లో. ట్యాంకులో ఏం పోసినా అక్కడిదాకా చేరదు. మైనం కట్టకుండా ఆపే యాంటీ జెల్ మందు కూడా అంతే, డీజిల్ మబ్బుగా మారకముందే పోయాలి. కిరోసిన్ 10 శాతం కలిపినా మైనం కట్టే ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలే దిగుతుంది, పైగా జారుడుతనం తగ్గి హై ప్రెషర్ పంపు అరుగుతుంది. పెట్రోల్ ఊసే ఎత్తొద్దు.

కట్టేసిందంటే డీజిల్‌లోంచి నీళ్లు వేరు చేసే వాటర్ సెపరేటర్ నీళ్లు వదిలి, ఫిల్టర్ మార్చి, హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న డీజిల్ పంపు) గట్టిపడేదాకా కొట్టి గాలి తీయాలి. వేడి షెడ్డులో పెట్టి ట్యాంకు కరగనివ్వాలి. కింద మంట మాత్రం పెట్టొద్దు. ఆ తర్వాత చలికాలపు డీజిలే వాడాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 590లో ఆర్కిటిక్ రకాలు -20 నుంచి -44 దాకా ఫిల్టర్‌లోంచి పారతాయి.

చక్రధారి: మరి యాడ్‌బ్లూ (పొగ శుద్ధికి వాడే యూరియా ద్రవం) గడ్డకట్టి ఉంటే?

పొగ చూడు: అది -11కే గడ్డకడుతుంది, కానీ స్టార్టింగ్‌కి అడ్డు కాదు. దాని ట్యాంకులోనే హీటర్ ఉంటుంది, బండి లేచాక కరిగించుకుంటుంది. దాని మీద అనవసరంగా నింద పడుతుంటుంది.

పాత పానా: సరే నానీ, గ్లో ప్లగ్గులు, గ్రిడ్ హీటర్ ఫ్యూజు పీకి ఈథర్ కొడితే?

నాజిల్ నాని: మీరు అంతకుముందే నాలుగుసార్లు కీ తిప్పి ఉంటారు కదా అన్నా, ఆ వేడి ఇంకా అక్కడే ఉంటుంది. గ్లో ప్లగ్గు గానీ గ్రిడ్ హీటర్ గానీ లేని పాత మెకానికల్ పంపు ఇంజన్ అయితే ఒప్పుకుంటా. సెల్ఫ్ తిరుగుతుండగా ఒక్క సెకను చాలు, ఆగి ఉన్నప్పుడు కొట్టి తర్వాత తిప్పకూడదు. మిగతావాటికి కరెంటు దొరికే చోట 1000 వాట్ల బ్లాక్ హీటర్ (ఇంజన్‌ని వేడి చేసే కరెంటు హీటర్) పెట్టి 3, 4 గంటలు ఆగండి.