కూరగాయల ట్రే కింద నీళ్లు, తలుపు తీస్తే కంపు: మీ ఇళ్లలో ఫ్రిజ్‌కి ఏం చేస్తున్నారు?

బరంపురం కోడలు:
మాది డబుల్ డోర్, ఫ్రాస్ట్ ఫ్రీ. వానలు మొదలైన దగ్గర్నుంచి కూరగాయల ట్రే కింద నీళ్లు నిలుస్తున్నాయి. పొద్దున గుడ్డ పెట్టి పిండితే సాయంత్రానికి మళ్లీ మామూలే. మిస్త్రీని పిలిస్తే ఫ్రిజ్ వెనక్కి తొంగి కూడా చూడకుండా గ్యాస్ పోయింది, ఎక్కించాలి అన్నాడు. గ్యాస్ పోతే పైన ఐస్ రాయిలా ఎలా ఉంటుంది చెప్పండి? దీనికి తోడు అత్తగారు గోపాల్‌పూర్ నుంచి ఎండు నెత్తళ్లు తెప్పించి కవర్లో చుట్టి పెట్టారు. ఇప్పుడు పాలు కూడా నెత్తళ్ల వాసనే. ఆవిడతో అనలేను, ఈ కంపుతో వేగలేను.

జయపురం మిస్త్రీ:
అక్కా, గ్యాస్ జోలికి పోకండి. గ్యాస్ తగ్గితే ముందు ఐస్ మెత్తబడుతుంది, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. మీది నీళ్లు పోయే దారి మూసుకుపోయిన కేసులా ఉంది. ఫ్రాస్ట్ ఫ్రీలో ఫ్రీజర్ వెనక ప్లేటు లోపల కాయిల్ ఉంటుంది. దాని మీద పట్టిన మంచును హీటర్ అప్పుడప్పుడు కరిగిస్తుంది. ఆ నీళ్లు కింద కన్నంలోంచి పైపు గుండా కంప్రెసర్ మీదున్న ట్రేలో పడి, ఆ వేడికి ఆవిరైపోవాలి. వానాకాలంలో తలుపు తీసినప్పుడల్లా తేమ లోపలికొచ్చి మంచు ఎక్కువ పడుతుంది. కన్నం దగ్గర గడ్డ కట్టిందంటే నీళ్లు దారి తప్పి కింది అరల్లోకి కారతాయి.

ప్లగ్ పీకి, సామాను తీసేసి, రెండు తలుపులూ తెరిచి రాత్రంతా వదిలేయండి. కింద పాత తువ్వాళ్లు పరవండి. పొద్దున ఆన్ చేశాక కొన్నాళ్లకే మళ్లీ నీళ్లొస్తే హీటరో సెన్సరో పోయినట్టు, అప్పుడు మాత్రం మనిషిని పిలవాల్సిందే. వెనక ప్లేటు మీరు విప్పొద్దు.

కొన్ని మోడళ్లలో ఆ కన్నం కింది గదిలోనే, వెనక గోడ మీద కంటికి కనిపిస్తుంది. కొత్తిమీర ఆకో, అన్నం మెతుకో అడ్డం పడుతుంది. సూది లేని సిరంజితో గోరువెచ్చని నీళ్లు కొడితే చాలు. ఇనప ఊచ పెట్టి పొడిచారో, పైపు చిరుగుతుంది.

పర్లాకిమిడి పిన్ని:
నెత్తళ్ల సంగతి నేను చెప్తానమ్మా. కవర్లు, పేపర్లు వాసనని ఆపలేవు. బిగుతు మూత ఉన్న గాజు సీసాలో పోయి. అత్తగారు అడిగితే పురుగు పట్టకుండా అని చెప్పు, ఆవిడా సంతోషిస్తారు.

ఇక కడగడం. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాల వంట సోడా కలిపి మెత్తని గుడ్డతో తుడవాలి. వాసన వచ్చే సబ్బులొద్దు, ఆ వాసన వెన్నకి పడుతుంది. గాజు అరలు బయటికి తీయగానే వేడినీళ్లు పోయకు, పగులుతాయి. కాసేపు అలా ఉంచి కడుగు. అన్నిటికంటే ముఖ్యం తలుపు రబ్బరు మడతలు. వేలితో తెరిచి చూడు, పాలచుక్కలు ఎండి, వాటి మీద నల్లటి బూజు మిరియపు గింజల్లా కనిపిస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో తోమి, పొడిగుడ్డతో తుడిచెయ్. చివర్లో ఒక గిన్నెలో కట్టెబొగ్గు ముక్కలు పెట్టు. నిమ్మచెక్కలు పెట్టమని అందరూ అంటారు గానీ నాకు నమ్మకం లేదు, చివరికి వాటికే బూజు పడుతుంది.

2018 అక్టోబర్లో తిత్లీ తుపాను తర్వాత మా గజపతి జిల్లాలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అప్పటి ఫ్రిజ్‌ల కంపు పగవాడికి కూడా వద్దు. తలుపు తీయకుండా ఉంటే కింది గది 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటల దాకా, సగం ఉన్నది 24 గంటల దాకా చల్లదనం నిలుపుతుంది. అది దాటాక పాలు, మాంసం, వండిన కూరలు వాసన రాకపోయినా పారబోయాల్సిందే.

బల్లార్షా గని కార్మికుడు:
మా చంద్రపూర్ వైపు సమస్య వేరు. మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది, దానికి తోడు బొగ్గు ధూళి. పాత ఫ్రిజ్‌ల వెనక నల్లటి జాలీ ఉంటుంది కదా, ధూళి దాని మీద పేరుకుని వేడి బయటికి పోనివ్వదు. కంప్రెసర్ రోజంతా మోగుతూనే ఉంటుంది, బిల్లు పెరుగుతుంది. ప్లగ్ తీసి మెత్తని బ్రష్‌తో దులిపితే తేడా ఆ రాత్రే తెలుస్తుంది. గోడకి కనీసం నాలుగంగుళాలు జరపండి. కొత్త మోడళ్లలో ఆ జాలీ పక్క రేకుల లోపలే ఉంటుంది, పక్కలు వేడెక్కితే టెన్షన్ పడకండి. ఆ పక్కన సంచులు ఆనించకపోతే చాలు.

రబ్బరు పట్టు చూడాలంటే పది రూపాయల నోటు మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా జారి వస్తే పట్టు తప్పినట్టే.

బరంపురం కోడలు:
మిస్త్రీ అన్నా, నీళ్లు ఆగాయి! కరిగిన నీళ్లకి తువ్వాళ్లన్నీ తడిసి ముద్దయ్యాయి. పిన్నిగారూ, సీసా కోసం అత్తగారే పాత కాఫీ సీసా తీసిచ్చారు.

సిరొంచ మాస్టారు:
మా దిక్కు ఇంకా సింగిల్ డోరే ఎక్కువ. మంచు అర సెంటీమీటరు పట్టగానే నాబ్ మధ్యలో మంచు కరిగించే బటన్ నొక్కాలి, కొండలా పెరిగేదాకా ఆగొద్దు. మా పక్కవాటాలో కుర్రాడు స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు, బుస్సుమని శబ్దం, ఫ్రిజ్ పని అయిపోయింది. బటన్ నొక్కి, ఫ్రీజర్‌లో వేడినీళ్ల గిన్నె పెట్టి తలుపు తెరిచి ఉంచితే మంచు దానంతటదే ఊడివస్తుంది కదా, ఎందుకా తొందర?

జయపురం మిస్త్రీ:
మాస్టారూ, ఆ బుస్సు ప్రమాదం కూడా. కొత్త ఫ్రిజ్‌ల్లో చాలావాటిలో ఉండేది ఆర్ 600ఎ, నిప్పు అంటుకునే గ్యాస్. వెనక స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. అలా లీకైతే కిటికీలు తెరవండి, పొయ్యి వెలిగించొద్దు, స్విచ్చులు ముట్టొద్దు.

రాయగడ టీచరమ్మ:
వెనక ట్రే గురించి ఒక మాట. మొన్న మా ఇంట్లో ఫ్రిజ్ జరిపితే అందులో దోమ పిల్లలు ఈదుతున్నాయి. మలేరియా మాకు పాత చుట్టమే, కానీ ఇది డెంగీ దోమ గుడ్లు పెట్టే చోటు. ఊడి వచ్చే ట్రే అయితే వారానికోసారి పారబోసి తోమండి. అన్నట్టు మిస్త్రీ బాబూ, వేసవి సెలవులకి పార్వతీపురం వెళ్తాం, నెల పైనే. ఆపేయాలా?

జయపురం మిస్త్రీ:
నెల అంటే ఆపేయండమ్మా. మొత్తం ఖాళీ చేసి, తుడిచి, పూర్తిగా ఆరాక తలుపులు మూసుకుపోకుండా మధ్యలో గుడ్డ చుట్ట పెట్టండి. వెనక ట్రేలో చుక్క నీరు ఉండకూడదు. పండక్కి నాలుగు రోజులే అయితే ఆపక్కర్లేదు, పాలు, కూరలు తీసేసి నాబ్ తగ్గించి వెళ్లండి.