షుగర్ ఉన్న పిల్లికి పాంక్రియాటైటిస్ కూడా వచ్చింది, ఏం పెట్టాలి?

చిట్టి వాళ్ళమ్మ:
అందరికీ నమస్కారం. సాయంత్రం నుంచి ఇదే వెతుకుతున్నాను, ఇప్పుడు అర్ధరాత్రి దాటింది. మా చిట్టికి పదకొండేళ్ళు. షుగర్ ఉందని ఆరు వారాల క్రితం తెలిసింది. పోయిన వారం వాంతులు మొదలైతే రక్తపరీక్ష చేయించాం, పాంక్రియాటైటిస్, అంటే పాంక్రియాస్ వాచింది అన్నారు. ఈ డాక్టరు గారు కొవ్వు తక్కువున్న తిండి పెట్టమంటున్నారు. షుగర్‌కి చూపించిన డాక్టరు గారేమో పిండిపదార్థం తగ్గించి మాంసం ఎక్కువున్నది పెట్టమన్నారు. కొవ్వు తక్కువని రాసిన డబ్బా తిప్పి చూస్తే అందులో బియ్యప్పిండి, మొక్కజొన్న. షుగర్ పిల్లులకని రాసిన దాంట్లో కొవ్వు ఎక్కువ. ఒకదానికి మంచిదైతే ఇంకోదానికి చెడు. రెండు జబ్బులకీ పనికొచ్చే తిండి ఏదో ఒక్కటి చెప్పండి, చాలు. తల పగిలిపోతోంది.

తోకచుక్క:
తింటోందా? ఇన్సులిన్ ఏది, ఎన్ని యూనిట్లు? బరువెంత? ఇవి చెప్పండి ముందు.

లేబుల్ చదివే మనిషి:
మేడం, డబ్బా ముందు రాసింది నమ్మకండి, వెనక అంకెలు చూడండి. పిండిపదార్థం ఎంతో చాలా డబ్బాల మీద రాయరు, మనమే లెక్క కట్టుకోవాలి. మాంసకృత్తులు, కొవ్వు, పీచు, బూడిద (అంటే ఖనిజాలు), తేమ, ఈ ఐదూ కూడి వందలోంచి తీసేయండి. మిగిలిందే పిండిపదార్థం. ఉదాహరణకి ఒక తడి ఆహారంలో మాంసకృత్తులు 11, కొవ్వు 5, పీచు 0.5, బూడిద 2, తేమ 79 అనుకోండి. మిగిలింది 2.5. ఇక్కడితో ఆపకూడదు, కేలరీల్లోకి మార్చాలి. మాంసకృత్తుల్నీ పిండిపదార్థాన్నీ 3.5తో, కొవ్వుని 8.5తో గుణించండి. మొత్తం దాదాపు 90 కేలరీలు, అందులో పిండిపదార్థం వాటా 10 శాతం. షుగర్ పిల్లికి 12 శాతం లోపు ఉంటే మంచిదంటారు, కాబట్టి ఇది పనికొస్తుంది.

ఇప్పుడు గింజల తిండి (ధాన్యం కాదు, పొడిగా ఉండే కిబుల్) చూడండి. మాంసకృత్తులు 32, కొవ్వు 12, పీచు 3, బూడిద 7, తేమ 8. మిగిలింది 38. కేలరీల్లో కూడా 38 శాతం పిండిపదార్థమే. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి, ఎలుకలో ఉండే పిండిపదార్థం ఎంత? నామమాత్రం. అందుకే మా ఇంట్లో గింజలు పూర్తిగా మానేశాం. ఇంకో మాట, ‘గ్రెయిన్ ఫ్రీ’ అని రాస్తే పిండి లేదని కాదు. ధాన్యం తీసేసి బంగాళదుంప, బఠాణీ వేస్తారు. అదీ పిండే కదా!

మాటల పెట్టె:
చిన్న సవరణ. పాంక్రియాస్‌కి తెలుగులో క్లోమం అనే మంచి మాట ఉంది, పాంక్రియాటైటిస్‌ని క్లోమశోథ అనొచ్చు. ఇన్సులిన్ తయారయ్యేదీ, ఇప్పుడు వాచిందీ ఆ ఒక్క అవయవమే. క్లోమం అంటే రెండు జబ్బులూ ఎందుకు కలిసి వస్తాయో వెంటనే తెలుస్తుంది. ‘డైట్’ బదులు పథ్యం అన్నా బాగుంటుంది.

బూడిద తోక:
మాటల పెట్టె గారూ, రేపు ఆవిడ డాక్టరు దగ్గరికెళ్ళి క్లోమశోథ అంటే ఆయన మళ్ళీ పాంక్రియాటైటిస్సా అని అడుగుతారు. రిపోర్టు మీద ఏముందో అదే వాడనివ్వండి.

లేబుల్ గారూ, మీ లెక్కలోనే ఒక సంగతి వదిలేశారు. ఆ తడి ఆహారంలో కొవ్వు కేలరీలు 47 శాతం. గింజల్లో 30 కూడా లేవు. క్లోమం వాచిన పిల్లికి అంత కొవ్వు పెట్టమంటారా? మా కుక్కకి ఇదే జబ్బు వస్తే ఒక్క ముక్క వేపుడుతో మళ్ళీ ఆస్పత్రి పాలైంది.

లేబుల్ చదివే మనిషి:
అది కుక్క. ఇది పిల్లి.

మూడు పిల్లుల ఇల్లు:
బూడిద తోక గారూ, మీ భయం అర్థమైంది, నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. కుక్కల్లో కొవ్వుకీ ఈ జబ్బుకీ సంబంధం గట్టిది, అందుకే వాటికి కొవ్వు తగ్గించి తీరాలి. పిల్లుల్లో అంత గట్టి ఆధారం లేదు. చాలా పిల్లులు ఓ మోస్తరు కొవ్వుని తట్టుకుంటాయి. రక్తంలో కొవ్వు బాగా పెరిగి ఉంటేనో, పేగు జబ్బు కూడా ఉంటేనో డాక్టరు తగ్గించమనొచ్చు, అది వేరే సంగతి. మా పెద్దదానికి రెండు జబ్బులూ ఉండేవి. పిండి తక్కువ, కొవ్వు మధ్యస్తంగా ఉన్న తడి ఆహారమే పెట్టాం, కొద్దికొద్దిగా రోజుకి ఐదారుసార్లు.

కానీ చిట్టి వాళ్ళమ్మ గారూ, గింజల నుంచి తడికి ఒక్కసారిగా మార్చకండి. పిండి తగ్గగానే ఇన్సులిన్ అవసరం కూడా తగ్గిపోతుంది, ఒక్కోసారి రెండు మూడు రోజుల్లోనే. డోసు పాతదే ఉంటే షుగర్ పడిపోతుంది. చెవి అంచున పొడిచి ఇంట్లోనే చూసుకోవడం నేర్చుకోండి. మొదట చేతులు వణుకుతాయి, వారంలో అలవాటైపోతుంది. చెవిని ముందు గుడ్డతో వెచ్చగా పట్టుకుంటే రక్తపు చుక్క తేలిగ్గా వస్తుంది.

తోకచుక్క:
ఇంకా జవాబు రాలేదు. తింటోందా?

చిట్టి వాళ్ళమ్మ:
తింటే ఇంత గోల ఎందుకండీ! తినకే కదా ఏం పెట్టాలో అడుగుతున్నాను. రెండు రోజులైంది సరిగా తిని. గిన్నె దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, పెదాలు నాక్కుంటుంది, గుటక వేసి తల తిప్పేసుకుంటుంది. చేప పెట్టాను, చికెన్ ఉడకబెట్టి పెట్టాను. దేన్నీ ముట్టలేదు. బరువు ఐదున్నర కేజీలు, ఇంతకుముందు దాదాపు ఏడు ఉండేది. ఇన్సులిన్ రెండు యూనిట్లు, పొద్దున, సాయంత్రం. ఒక్కపూట కూడా మానలేదు, ఈ సాయంత్రం కూడా వేశాను.

తోకచుక్క:
తినని పిల్లికి పూర్తి డోసు వేశారు. ఇప్పుడే డాక్టరుకి ఫోన్ చేయండి. ఎత్తకపోతే రాత్రి తెరిచి ఉండే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. తిండి సంగతి తర్వాత.

బూడిద తోక:
తినకపోతే ఇన్సులిన్ పూర్తిగా మానేయాలి, అంతే.

మూడు పిల్లుల ఇల్లు:
అలా గుడ్డిగా చెప్పకండి, దయచేసి. పూర్తిగా మానేస్తే కీటోన్లు (కొవ్వు కరిగితే రక్తంలో చేరే ఆమ్లాలు) పెరుగుతాయి, క్లోమం వాచి తినని పిల్లిలో అది ఇంకా త్వరగా ప్రాణం మీదికి తెస్తుంది. పూర్తి డోసు వేస్తే షుగర్ పడిపోతుంది. ఎంత వెయ్యాలో షుగర్ చూసి డాక్టరే చెప్పాలి.

ఆ పెదాలు నాక్కోవడం, గుటకలు వేయడం కడుపులో తిప్పుతున్నట్టు. ఆకలి లేక కాదు, వికారంగా ఉండి తినలేకపోతోంది. వాంతి తగ్గే మందు, నొప్పి మందు పడకుండా ఎన్ని రుచులు మార్చినా లాభం లేదు. లావుగా ఉండే పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయంలోకి చేరి అది దెబ్బతింటుంది. అందుకే మా డాక్టరమ్మ గారు, ఏం తింటుందన్నది రెండోది, తింటుందా లేదా అన్నది మొదటిది అనేవారు.

చిట్టి వాళ్ళమ్మ:
డాక్టరు గారు ఫోన్ ఎత్తడం లేదు. ఇంకోటి, నడక కొంచెం తేడాగా ఉంది. వెనక కాళ్ళు మడమల దాకా నేలకి ఆనించి నడుస్తోంది. ఇప్పుడు మంచం దిగబోయి తూలింది.

బూడిద తోక:
మడమలు ఆనించి నడవడం షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే వస్తుంది. బీ12 కూడా చూపించండి. పేగు, క్లోమం జబ్బుల్లో బీ12 పడిపోవచ్చు, అప్పుడు ఇంజెక్షన్‌గా గానీ నోటి ద్వారా గానీ ఇస్తారు.

తోకచుక్క:
మడమలు పాత సంగతి కావచ్చు. తూలడం కొత్త సంగతి. ఇన్సులిన్ పడింది, తిండి లేదు, తూలుతోంది. షుగర్ పడిపోయిందనే అనుకోండి. తేనె గానీ గ్లూకోజ్ నీళ్ళు గానీ వేలితో చిగుళ్ళకి రాయండి. నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రాసి వెంటనే బయల్దేరండి.

లేబుల్ చదివే మనిషి:
వెళ్ళేటప్పుడు సిరంజి, ఇన్సులిన్ సీసా రెండూ పట్టుకెళ్ళండి. సీసా మీద 100 (మిల్లీలీటరుకి ఇన్ని యూనిట్లని) ఉండి సిరంజి మీద 40 ఉంటే, రెండు యూనిట్ల గీత దాకా తీసినా ఐదు యూనిట్లు పడతాయి. ఇలా తారుమారు కావడం మామూలే.

(ఆ రాత్రి ఆవిడ నుంచి ఇంకేమీ రాలేదు.)

మూడు పిల్లుల ఇల్లు:
చిట్టి ఎలా ఉంది? తెల్లారింది, మేమంతా చూస్తున్నాం.

పాత కాపు:
నిన్న ఈ చర్చ చూడలేదు. ఇన్సులిన్ బదులు ఇప్పుడు నోటి మందులు వచ్చాయి, బెక్సాగ్లిఫ్లోజిన్, వెలాగ్లిఫ్లోజిన్ అని. రోజుకి ఒక్కసారి చాలు, సూది బాధ ఉండదు. అడగండి.

మూడు పిల్లుల ఇల్లు:
ఈ పిల్లికి కాదండీ. తినకుండా, క్లోమం వాచి ఉన్న పిల్లికి ఆ మందులు ఇవ్వకూడదు. వాటితో షుగర్ మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు పెరిగిపోవచ్చు.

చిట్టి వాళ్ళమ్మ:
ఇప్పుడే ఇంటికొచ్చాను. అక్కడికి వెళ్ళేసరికి షుగర్ 52. దారి పొడుగునా తేనె రాస్తూనే ఉన్నాను. సెలైన్, వాంతి మందు, నొప్పి మందు ఎక్కిస్తున్నారు. సిరంజి సరైనదేనట. రేపటికీ తినకపోతే మెడ పక్కనుంచి గొట్టం పెట్టి తినిపిస్తామన్నారు. తిండి గురించి ఇప్పుడేమీ ఆలోచించొద్దు, ఏది తింటే అదే పెట్టండి, కోలుకున్నాక పిండి తక్కువున్న తడి ఆహారానికి మెల్లగా మారదాం అన్నారు. అవునూ, దురద తగ్గడానికి రెండు నెలల క్రితం ఒక స్టిరాయిడ్ ఇంజెక్షన్ వేశారు, వారాలపాటు పనిచేసేది. దానికీ షుగర్‌కీ సంబంధం ఉంటుందా? ఇక్కడి డాక్టరు గారు అది వినగానే రాసుకున్నారు.

బూడిద తోక:
ఉంటుంది! ఇది మొదట్లోనే చెప్పాల్సింది. స్టిరాయిడ్ వల్ల వచ్చిన షుగర్ దాని ప్రభావం పోయాక తగ్గిపోవచ్చు. మా పక్కింటి పిల్లికి అలాగే నయమైంది.

మాటల పెట్టె:
‘నయమైంది’ అనకూడదు. ఇన్సులిన్ లేకుండా షుగర్ అదుపులో ఉండటాన్ని రెమిషన్ అంటారు, అంటే జబ్బు తగ్గుముఖం పట్టడం. మళ్ళీ రావచ్చు. నయమైందనుకుని పాత గింజలకి వెళ్ళిపోతారు, పరీక్షలు మానేస్తారు. ఈ మాటకి మాత్రం నేను పట్టుబడతాను.

లేబుల్ చదివే మనిషి:
ఇది ఒప్పుకుంటాను.

బూడిద తోక:
మరి తగ్గాక ఎన్నాళ్ళకోసారి షుగర్ చూడాలి?

చిట్టి వాళ్ళమ్మ:
సాయంత్రం వేలి మీద తిండి పెడితే రెండుసార్లు నాకింది. థాంక్సండీ అందరికీ, తోకచుక్క గారికి మరీ. మళ్ళీ ఆస్పత్రికి వెళ్తున్నాను.

పాత కాపు:
తడి ఆహారం డబ్బా తెరిచాక ఫ్రిజ్‌లో ఎన్ని రోజులు ఉంచొచ్చు? మాది సగమే తింటుంది.