ఇర్వింగ్ పెన్: మనుషులకు గౌరవమిచ్చాడా, వస్తువుల్లా సర్దాడా?

వెలుగునీడ:
పోర్ట్రెయిట్ అయినా స్టిల్ లైఫ్ (వస్తువుల్ని సర్ది తీసే ఫొటో) అయినా నాకు అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ తర్వాతే ఎవరైనా. 1943లో ఫ్యాషన్ పత్రిక వోగ్ కవర్ మీద ఆయన మొదటి ఫొటో పడింది, అది స్టిల్ లైఫే. రెండు పనుల్లోనూ ఇంత లోతు చూపినవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి.

గోదారిగట్టు:
పనితనం గురించి పేచీ లేదు. కానీ 1948లో పెరూలోని కుస్కోలో తీసిన ఆ చెప్పుల్లేని పిల్లల ఫొటో చూడండి. ఊరు లేదు, ఇల్లు లేదు, కొండలు లేవు, వెనక ఒక తెర. బల్ల మీద పండ్లు సర్దినట్టు పిల్లల్ని సర్దాడు. ఫ్యాషన్ పత్రిక తరఫున వెళ్లి పేదరికాన్ని అందంగా తీస్తే మెచ్చుకోవాలా?

వెలుగునీడ:
ఒక సంగతి వదిలేశారండీ. ఆ స్టూడియో ఆ ఊరి ఫొటోగ్రాఫర్‌ది. క్రిస్మస్ రోజుల్లో పెన్ దాన్ని అద్దెకు తీసుకుని ఆయన్ని సెలవు మీద పంపేశాడు, పండక్కి ఫొటో దిగుదామని వచ్చినవాళ్లు తలుపు తీసేసరికి లోపల ఈయన ఉన్నాడు, పైగా డబ్బులు పుచ్చుకోవాల్సింది పోయి తనే వాళ్లకు ఇచ్చాడు. ఇక ఆ పిల్లల్నే చూడండి: మధ్యలో గుడ్డ కప్పిన చిన్న స్టూలు, దాని మీద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆనుకున్నారు, చూపు మాత్రం పెద్దవాళ్ల చూపు. జాలి పడమని అడుగుతున్నట్టు ఎక్కడుంది అందులో?

1950లో పారిస్‌లో ఒక పాత నాటకాల తెర దొరికితే దాన్నే బ్యాక్‌డ్రాప్‌గా పెట్టుకున్నాడు, తర్వాత ఏళ్ల తరబడి వాడాడు. పని బట్టల్లోనే, పనిముట్లతోనే రమ్మని పిలిచి కసాయి కుర్రాళ్లను, బొగ్గు మోసేవాళ్లను తీశాడు. పేరున్నవాళ్లకు ఎలాంటి వెలుతురో వాళ్లకూ అదే. నా లెక్కలో ఆయన స్టిల్ లైఫ్ కూడా పోర్ట్రెయిట్ దారిలోనే నడిచింది. 1972లో న్యూయార్క్ వీధుల్లో పారేసిన సిగరెట్ పీకలు తెచ్చి తీసి, పెద్ద ప్లాటినం ప్రింట్లు (ప్లాటినం లవణాలతో కాగితం మీద వేసే ఫొటో ప్రింట్లు) వేశాడు. నలిగిన కాగితం, కాలిన అంచు, బయటికొచ్చిన పొగాకు పోగులు, ప్రతి పీకకూ ఒక ముఖం ఉన్నట్టుంటుంది.

గోదారిగట్టు:
డబ్బులిచ్చిన సంగతి ఒప్పుకుంటా. కానీ పెన్ తీసిన చిత్రకారుడు పికాసో ఫొటో కింద పికాసో అని ఉంది. ఈ పిల్లలకు "కుస్కో పిల్లలు" అన్నదే పేరు. కసాయికి కసాయి అనే. సమానం అంటే ఎలా?

వెలుగునీడ:
పేర్ల విషయంలో మీ మాట కాదనను, అది పెద్ద లోటే, నాకూ బాధగానే ఉంటుంది. అయితే అది ఫొటో కింద రాత తెచ్చిన లోటు, ఫొటోది కాదు. 1957లో తీసిన పికాసోను, పారిస్ కసాయి కుర్రాళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. పికాసో టోపీ కింద, కోటు కాలర్ వెనక సగం ముఖం దాచుకుని ఒంటికన్నుతో చూస్తాడు. ఆ కుర్రాళ్లు మరకల ఏప్రన్లతో కెమెరాకు ఎదురుగా నిలబడ్డారు, ఏదీ దాచుకోలేదు. ఇద్దరిలో ఎవర్ని పెన్ తక్కువ చేశాడో మీరే చెప్పండి.