బీఎస్సీ మ్యాథ్స్ పిల్లలకు సిలబస్ బయటి లెక్కలు ఎలా పరిచయం చేయాలి?

నమస్కారం. చిన్న టౌన్‌లోని డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తాను. మా పిల్లల్లో చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లే. రియల్ అనాలిసిస్, గ్రూప్ థియరీ సిద్ధాంతాలు గడగడా అప్పజెప్తారు గానీ, 'ఇది ఎందుకు నిజం?' అంటే తలలు దించేస్తారు. తప్పు వాళ్లది కాదు, గెస్ పేపర్ల చదువుది.

వారానికో గంట పరీక్షలతో సంబంధం లేని లెక్కలు చెప్దామనుకుంటున్నాను. గణితవేత్త ఆయిలర్ 1736 నాటి ఏడు వంతెనల సమస్యతో మొదలుపెడదామని ఉంది. నది నాలుగు భూభాగాలుగా చీల్చిన ఊళ్లో వాటిని కలిపే ఏడు వంతెనలుంటే, ఏ వంతెననూ రెండోసారి దాటకుండా అన్నీ దాటగలమా అన్నదే ప్రశ్న. కాగితం, పెన్సిల్ చాలు. నాలుగు భూభాగాల్లోనూ కలిసే వంతెనల సంఖ్య బేసి కాబట్టి కుదరదని పిల్లలే కనిపెట్టాలి, నేను నోరు మెదపకూడదు (అదే కష్టం!). ఆ తర్వాత ఏం తీసుకోవాలి? ప్రధాన సంఖ్యల నుంచి ఆర్‌ఎస్‌ఏ రహస్య సంకేతాల దాకా వెళ్లొచ్చా, మొదటి ఏడాది వాళ్లకు బరువవుతుందా?

1993 నుంచి నడుస్తున్న ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) వేసవి గణిత శిబిరాలకూ, డిగ్రీ విద్యార్థుల కోసం జరిగే మాధవ గణిత పోటీకీ ఇద్దరు ముగ్గురినైనా పంపాలని ఉంది. వెళ్లొచ్చినవాళ్లుంటే చెప్పండి: సగటు విద్యార్థి అక్కడ నిలదొక్కుకోగలడా? ముందుగా ఏం చదివించాలి? ఆడపిల్లల్ని పంపడానికి ఇంట్లోవాళ్లను ఎలా ఒప్పించారు?

తెలుగులో మంచి సమస్యల పుస్తకాలు తెలిస్తే తప్పక చెప్పండి. కాలేజీ నుంచి డబ్బు రాదు, ప్రొజెక్టర్ కూడా లేదు.