చియాంగ్ మాయ్‌లో స్థిరపడాలనుకుంటే ముందు చూసి రావాల్సింది డిసెంబరులోనా, మార్చిలోనా?

కూకట్‌పల్లి_మావయ్య:
నేను రిటైరయ్యాను, పిల్లలు అమెరికాలో ఉన్నారు. హైదరాబాద్ ట్రాఫిక్‌తో మా ఇద్దరికీ విసుగొచ్చింది. ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్ చవక, ప్రశాంతం అని వింటున్నాం. డిసెంబరులో కొన్ని వారాలుండి, నచ్చితే రిటైర్మెంట్ వీసా తీసుకుందామని ఆలోచన. ఒక మిత్రుడు మాత్రం ‘వెళ్తే మార్చిలోనే వెళ్లు’ అంటున్నాడు. తెలిసి తెలిసి ఎవరైనా ఎండల్లో వెళ్తారా?

పింగ్_నది_గట్టు:
మీ మిత్రుడి మాటే వినండి సార్. డిసెంబరు చియాంగ్ మాయ్ పెళ్లిచూపులకొచ్చిన అబ్బాయి లాంటిది, ఆ పూటకి ఎవరైనా బుద్ధిమంతుడే. పొద్దున 15, 16 డిగ్రీల చలి, పడమటి వైపు దోయ్ సుతేప్ కొండ, పైన బంగారు స్తూపం మెరుస్తూ స్పష్టంగా కనిపిస్తాయి. మార్చిలో అదే చోట నిలబడితే కొండ ఉందో లేదో తెలియదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాల్లో మొక్కజొన్న చెత్త, వరి దుబ్బులు తగలబెడతారు, అడవులు అంటుకుంటాయి, మయన్మార్, లావోస్ వైపు నుంచి కూడా పొగ వస్తుంది. ఊరు చుట్టూ కొండలున్న పల్లంలో ఉంది కాబట్టి ఆ పొగ కదలదు. 2023 మార్చిలో ప్రపంచంలోనే అత్యంత కలుషిత నగరాల జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. 2024 జనవరిలో అక్కడి పరిపాలనా కోర్టు, 90 రోజుల్లో కాలుష్య నివారణ ప్రణాళిక తెమ్మని ప్రభుత్వాన్ని ఆదేశించాల్సి వచ్చింది. అద్దె ఇల్లు చూసేటప్పుడు స్విమ్మింగ్ పూల్ కాదు, కిటికీ రబ్బర్లు చూడండి. సందుల్లోంచి గాలి దూరుతుంటే ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టినా దండగ.

ఆవకాయ_అన్నం:
ఇంత భయపెట్టాలా? రోహిణీ కార్తెలో హైదరాబాద్ చూసి ఎవరైనా ఇక్కడ ఫ్లాట్ కొంటారా? పొగ రోజుల్లో ఊరు వదిలి వెళ్లే విదేశీయులు అక్కడ చాలామంది ఉన్నారు. మావయ్యగారు ఉగాదికి ఇంటికొచ్చి, ఆవకాయ పెట్టుకుని, వానలు మొదలయ్యాక వెళ్తే సరి. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానాలున్నాయి. మిగతా కాలమంతా ఉండబోతూ, చెడ్డ నెలను చూసి ఊరికి మార్కులు వేయడం అన్యాయం.

పింగ్_నది_గట్టు:
చెప్పినంత తేలిక కాదండీ. వచ్చేసిన రోజుల్లో కూడా అక్కడి అద్దె కట్టాలి, ఇక్కడి ఇల్లూ ఉంచుకోవాలి. మళ్లీ లోపలికి రావడానికి ముందే తీసుకునే రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండా దేశం దాటితే, అక్కడ ఉండటానికిచ్చిన ఏడాది అనుమతి అక్కడితో రద్దు. డిపాజిట్ చూపించే పద్ధతిలో వీసా పొడిగింపుకు 8 లక్షల బాత్‌లు, అంటే మన రూపాయల్లో 20 లక్షల పైనే, అక్కడి బ్యాంకులో వేయాలి. పొడిగింపుకు ముందు రెండు నెలలు, తర్వాత మూడు నెలలు ఆ మొత్తం కదలకూడదు. ఆపైన కూడా 4 లక్షలకు తగ్గకూడదు. అంత డబ్బు కట్టిపడేసి, ఏటా పొగకు పారిపోయి రావడమేమిటి? ఇంకోటి, వరద. 2024 అక్టోబరులో ఊళ్లోంచి పారే పింగ్ నది 5.3 మీటర్లకు చేరి, నది పక్కనున్న చాంగ్ క్లాన్ ప్రాంతం వీధులు మునిగాయి. డిసెంబరులో నది ఒడ్డు ఇల్లు చూస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో!

నిడదవోలు_అమ్మాయి:
నెల గురించే కొట్టుకుంటున్నారు, ఆంటీని అడిగారా? శాకాహారులైతే అసలు చిక్కు వంటింట్లోనే. అక్కడ కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పోస్తారు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని రాసి ఉన్న కొట్టులో చేప, మాంసం, గుడ్డు ఉండవు, ఉల్లి, వెల్లుల్లి, పాలు కూడా ఉండవు. పెరుగన్నం ఇంట్లోనే. వెళ్లినప్పుడు హోటల్లో కాకుండా వంటిల్లున్న గదిలో దిగండి, వరోరోట్ మార్కెట్‌కు సంచి పట్టుకెళ్లి వారం సరుకులు తెచ్చుకోండి. ఒక పూట పెద్దాసుపత్రికి వెళ్లి, మీ వయసుకు ఇన్సూరెన్స్ ఎంత చెబుతారో కనుక్కోండి. డెబ్బై దాటాక ప్రీమియం ఎలా పెరుగుతుందో కూడా అడగండి. ఊళ్లోనే భారత కాన్సులేట్ ఉంది, పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్‌కు అంత టెన్షన్ లేదు. ఇవన్నీ ఏ నెలలోనైనా తేలతాయి.

కూకట్‌పల్లి_మావయ్య:
అందరికీ థాంక్స్. మా ఆవిడ ఆయాసానికి ఇన్‌హేలర్ వాడుతుంది. అందుకని మార్చిలో నేనొక్కణ్నే వెళ్లి చూసొస్తాను. నాకు ఫర్వాలేదనిపిస్తే డిసెంబరులో ఇద్దరం వెళ్తాం.

నిడదవోలు_అమ్మాయి:
బాగుంది! పీల్చేది మీరు, మార్కులు వేసేది మీరు, తర్వాత ఉండాల్సింది ఆవిడా?

పింగ్_నది_గట్టు:
ఇన్‌హేలర్ సంగతి విన్నాక నా మాట మారుస్తున్నాను. మార్చి టికెట్టూ వద్దు. థాయిలాండే కావాలంటే సముద్రం పక్కనున్న హువా హిన్ చూడండి, వీసా నియమాలు అవే.

ఆవకాయ_అన్నం:
హువా హిన్‌లో చలి ఎక్కడిదండీ? ఎండలు పడవనేగా ఆయన డిసెంబరు అన్నది. నా ఓటు డిసెంబరు చియాంగ్ మాయ్‌కే, కాకపోతే ఫిబ్రవరి మొదటికల్లా తిరుగు టికెట్ తీసుకోండి. రిటైర్మెంట్ వీసా జోలికి పోకుండా, ఏటా చలికాలం మాత్రం అద్దెకుండి వచ్చేయండి.