ఇగ్రీజియస్ అంటే పొగడ్తా, తిట్టా?

పదపిపాసి:
ఇంగ్లీషు నిఘంటువులో ఈ విశేషణానికి 'దారుణమైన, కొట్టొచ్చినట్టు చెడ్డదైన' అని ఇస్తారు. మూలం చూస్తే లాటిన్ 'ఎగ్రెజియుస్'. 'ఎ' అంటే లోంచి బయటికి, 'గ్రెక్స్' అంటే మంద. మందలో కలవకుండా విడిగా నిలిచింది, అంటే శ్రేష్ఠమైనది. అగ్రిగేట్, సెగ్రిగేట్, కాంగ్రిగేషన్, అన్నిట్లోనూ ఉన్నది ఈ మందే. కాబట్టి మెచ్చుకోవడానికి వాడితే తప్పు కాదని నా వాదన.

అర్ధరాత్రి:
వాడండి. మీరు పొగిడినవాళ్లు మళ్లీ మీతో మాట్లాడరు, అంతే.

కొండపిల్లి:
మూలాన్నిబట్టే అర్థం అంటే 'నైస్' సంగతేంటి? దాని మూలం లాటిన్ 'నెస్కియుస్', ఏమీ తెలియనివాడని. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో 'తెలివితక్కువ' అనే అర్థంలోనే వాడారు. ఇప్పుడు మీ పోస్టు నైస్‌గా ఉందంటే నామీద గొడవకొస్తారా?

శుద్ధపాఠం:
లాటిన్‌లో 'జ' లేదు. ఎగ్రెగియుస్ అనాలి.

పదపిపాసి:
కొండపిల్లి గారూ, నేను లాటిన్ ఒక్కటే పట్టుకుని వేలాడటం లేదు. ఇంగ్లీషులోనే మంచి అర్థం నడిచింది. 1590లో అచ్చయిన మార్లో నాటకం 'టాంబర్లేన్' రెండో భాగంలో రాజప్రతినిధుల్ని గౌరవంగా సంబోధిస్తూ ఈ మాటే వాడతారు. ఇటాలియన్‌లోనైతే ఇప్పటికీ ఉత్తరం మొదట 'ఎగ్రేజో' అని రాస్తారు, మనం 'గౌరవనీయులైన' అన్నట్టు. శుద్ధపాఠం గారూ, చర్చి లాటిన్‌లో 'జ' ఉంది.

శుద్ధపాఠం:
క్రీస్తుకు ముందే పోయిన రోమన్ వక్త సిసిరో చర్చికి వెళ్లలేదు.

కొండపిల్లి:
ఇటాలియన్ వాళ్లకి ఇటాలియన్‌లోనే రాయండి, ఎవరొద్దన్నారు? ఇక నాటకాలంటారా, షేక్‌స్పియర్ 'సింబెలిన్'లో ఒకడు తనను తానే తిట్టుకుంటూ హంతకుడికి ముందు ఈ విశేషణం తగిలిస్తాడు. రెండర్థాలూ కొంతకాలం పక్కపక్కనే బతికాయి, ఒకటి పోయింది. పోయినదాన్ని లేపి కూర్చోబెడతానంటే ఎలా?

నిశాచరి:
ఇందులో వింతేముంది? వెటకారం వల్లే అర్థం తిరగబడి ఉంటుందని నిఘంటుకారులే అంటారు. 'ఎంత ఘనకార్యం చేశావురా' అని ఇంట్లో అంటే ఎవరైనా సంతోషిస్తారా? ఘనం అలాగే ఉంది, కార్యం అలాగే ఉంది, వినేవాడికి మాత్రం కాలుతుంది.

పదపిపాసి:
ఘనకార్యాన్ని నిజంగా గొప్ప పని అనే అర్థంలో రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లని చూసి ఎవరూ పగలబడి నవ్వరు. నా విషయంలో నవ్వారు. ఆఫీసులో ఒక పెద్దాయన రిటైరవుతుంటే అభినందన పత్రం నన్ను రాయమన్నారు. 'ఇగ్రీజియస్ సర్వీస్' అని రాశాను. మైకు ముందు చదువుతున్న మనిషి అక్కడ ఆగి, రెండోసారి చదివి మరీ నవ్వాడు. హాలంతా నవ్వింది.

కొండపిల్లి:
అదీ అసలు సంగతి. మీరు అడుగుతున్నది అర్థం కాదు, తీర్పు.

పదపిపాసి:
అవును, తీర్పే! ఇంట్లో ఇంగ్లీషు వింటూ పెరిగినవాళ్లకి ఏది చెవికి ఎలా తగులుతుందో తెలుస్తుంది. నేను పుస్తకం ముందేసుకుని నేర్చుకున్నాను. నాకు ఆధారం పుస్తకమే. అది చెల్లదు, 'అలా అనరు' అంటే చాలన్నారనుకోండి, ఇక నేను ఎప్పటికీ మీ చెవిని అడుగుతూ బతకాలి.

కొండపిల్లి:
నన్ను లాగకండి. మా ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు. నేనూ నిఘంటువుతోనే నేర్చుకున్నాను. అందుకే చెప్తున్నాను, అర్థం పక్కన 'పాత ప్రయోగం' అని చిన్న అక్షరాల్లో వేస్తారు, అది కూడా చదవాలి. పుస్తకం నా పక్షాన ఉంది.

పదపిపాసి:
పాతది అన్నారు. తప్పు అనలేదు.

కొండపిల్లి:
మీతో కాదండీ.

నిశాచరి:
'ఎమినెంట్' అని రాసుంటే గొడవే లేకపోయేది. అదీ లాటినే, అందరిలోంచి పైకి కనిపించేదని. మీరనుకున్న అర్థమే.

అర్ధరాత్రి:
రిటైరైన ఆయన ఏమన్నారు?

పదపిపాసి:
ఏమీ అనలేదు. ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించుకున్నారు.

శుద్ధపాఠం:
ఎగ్రెగియుస్.