ఉగాది వేడుక: గ్రంథాలయం గదుల పేర్లు, బోర్డుల పని

వాలంటీర్లందరికీ నమస్కారం. సెలవులకు ఒంగోలు వచ్చి ఉన్నందున నిన్నటి సమావేశానికి రాలేకపోయాను గాని, మన గ్రూపులో జరిగిన చర్చంతా చదివాను. విదేశంలో మనం ఉంటున్న నగరపు గ్రంథాలయంలోని సమావేశ గదులకు సోదర నగరాల (ఆ నగరంతో స్నేహ ఒప్పందం చేసుకున్న ఇతర దేశాల నగరాల) పేర్లు పెట్టాలని కౌన్సిల్ ఆలోచిస్తోంది కనుక, ఉగాది నాడే మేయరు గారికి వినతిపత్రం ఇచ్చి ఒక గదికి మన ఊరి పేరు అడగాలన్న సూచన నాకూ ఎంతో ఇష్టమైనదే. అయితే ఏమి అడగాలో ముందు తేల్చుకోవాలి.

1956లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ చొరవతో ఊపందుకున్న ఈ ఏర్పాటులో, రెండు నగరాల పాలకవర్గాలు ఒప్పందంపై సంతకాలు చేసిన తరువాతనే బంధుత్వం కుదిరినట్టు. విజయవాడకు కాలిఫోర్నియాలోని మొడెస్టోతో, హైదరాబాదుకు ఇండియానాపొలిస్‌తో అటువంటి బంధం ఉంది. మనం ఉంటున్న నగరంతో ఒంగోలుకు గాని నెల్లూరుకు గాని లేదు. అది లేకుండా గది పేరు అడిగితే, ఏళ్ల తరబడి రాకపోకలు సాగిస్తున్న ఊళ్ల వారిని వెనక్కి నెట్టినట్టవుతుంది. వినతిపత్రంలో సోదర నగర ఒప్పందాన్నే కోరుదాం. ఒంగోలు 2012 నుంచి నగరపాలక సంస్థ. ఇక్కడ ఎవరిని కలవాలో, ఢిల్లీలో విదేశాంగ శాఖ సమ్మతికి ఏమేమి కావాలో నేను కనుక్కుంటాను.

వేడుకకు మనం అద్దెకు తీసుకున్న మూడు గదులకు మాత్రం ఆ ఒక్క రోజుకు మనకు నచ్చిన పేర్లు పెట్టుకోవచ్చు. పెద్ద హాలుకు ఒంగోలా, నెల్లూరా అన్న దగ్గర వాదన ఆగిపోయినట్టుంది. రెండు పేర్లూ ఒకే బోర్డు మీద ఉండాలని నా గట్టి అభిప్రాయం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. ప్రకాశం జిల్లా 1970లో గాని రాలేదు. ఆ పాత రోజుల్లో ఓడలెక్కి బ్రెజిల్ చేరిన ఒంగోలు జాతి పశువులను అక్కడివారు ఈనాటికీ నెల్లూరు పేరు మీదుగా ‘నెలోరి’ అంటారు. 1960లలో మా ఊరి పక్కనే ఉన్న కరవది నుంచి వెళ్లిన ఆబోతుకు ‘కర్వాది’ అన్న పేరే నిలిచింది. హాలు గుమ్మం దగ్గర పెట్టే పటాల్లో మొదటి స్థానం దీనికే ఇవ్వాలి.

చీరల ప్రదర్శన గదికి వెంకటగిరి, పిల్లల గదికి ఉదయగిరి అన్నవి అందరూ ఒప్పుకున్నవే. పిడి పొడవునా పువ్వులు చెక్కిన ఉదయగిరి చెక్క గరిటె ఒకటి ఇది రాస్తుండగా నా బల్ల మీదే ఉంది. పిల్లలు చేతితో తడిమి చూసేందుకు అటువంటివి పన్నెండు తెస్తాను.

బోర్డు నమూనా ఒకటి ఇక్కడ అచ్చు వేయించగా, ఫాంటు మార్చడంలో సున్న ఎగిరిపోయి ‘ఒగోలు’ అని వచ్చింది. ఊరి పేరు తప్పుగా తలుపెక్కడం నేను ఒప్పుకోలేను. అందుచేత తుది ప్రతిని ఇద్దరు అక్షరం అక్షరం చదివిన తరువాతనే అచ్చుకు ఇద్దాం. గ్రంథాలయం తలుపులకు మేకులు కొట్టనివ్వరు గనుక బోర్డులు స్టాండ్ల మీదే నిలపాలి. స్టాండ్ల వెడల్పు కొలిచి ఆదివారంలోగా ఎవరైనా పంపితే, మూడు బోర్డులూ చుట్టి నా సామానుతో పాటు తీసుకువస్తాను.